బైండింగక్క అతికించిన చీటీలు

కాలమనే చెదపురుగు రాజశాసనాలను, ప్రేమలేఖలను, పండితుల వ్యాఖ్యానాలను, పసివాళ్ల వాచకాలను తరతమభేదం లేకుండా కొరికి పొడిచేసుకుంటూ పోతుండగా, దానికి ఎదురుగా ఒక సూదిని, ఒక దారపు ఉండను, ఒక జిగురు డబ్బాను మాత్రమే ఆయుధాలుగా చేసుకొని, ప్రజా గ్రంథాలయపు వెనకగదిలో కిటికీ కింద ముప్పైయొక్క సంవత్సరాలుగా ఓటమి ఒప్పుకోకుండా కూర్చున్న స్త్రీ ఒకతె ఉన్నది. ఆమెను ఊరంతా బైండింగక్క అంటుంది.

ఆ గది పొడవు పన్నెండు అడుగులు. ఒక మూల ఇనుప చక్రం తిప్పి బిగించే ప్రెస్సు, మధ్యలో జిగురు మరకలతో ముదిరిన బల్ల, బల్లమీద దారానికి రాసే మైనం ముక్క, మడతలు నొక్కే చెక్కబద్ద. వెన్ను విరిగి, కుట్లు తెగి, అట్ట ఊడిన పుస్తకాలు ఆ బల్లమీదికి రోగుల్లా వస్తాయి. ఆమె వాటి పాత కుట్టు విప్పి, పదహారేసి పేజీల మడతలుగా విడదీస్తుంది. ఆ మడతను ఆ పనివాళ్లు ఫారం అంటారు. ఆమెకు పని నేర్పిన మేనమామ రెండు నియమాలు పెట్టాడు. ముందు ఫారాలు లెక్కపెట్టి గ్రంథాలయపు రిజిస్టరులోని పేజీల లెక్కతో సరిచూడాలి. ఆ తర్వాత ప్రతి ఫారం చివరి వాక్యాన్నీ దాని తర్వాతి ఫారం మొదటి వాక్యాన్నీ కలిపి చదివి, అర్థం కుదిరితేనే సూది దూర్చాలి.

చివరి వాక్యమూ మొదటి వాక్యమూ చదివిన మనిషి మధ్యవాటిని వదిలేయడం, గుమ్మం దాకా వెళ్లి ఇంట్లోకి తొంగిచూడకుండా తిరిగిరావడం వంటిది. బైండింగక్క తొంగిచూసింది. చూసిన ప్రతి ఇంటినుంచీ తిట్టుకుంటూ బయటికి వచ్చింది. ఆ తిట్లను పారేసిన కేటలాగు కార్డుల వెనకవైపు రాసి, పుస్తకం చివరి అట్ట లోపల అతికించడం మొదలుపెట్టింది. అవే అక్క చీటీలు. పాఠకులు పుస్తకం తీసుకోగానే ముందు వెనక అట్ట తిప్పి చూస్తారు.

ఈమధ్య గ్రంథాలయాలను ముంచెత్తుతున్న హత్య జరిగినా ఎవరి సుఖమూ చెడని నేరపరిశోధన నవలలంటే ఆమెకు ఒళ్లుమంట. అటువంటి ఒకదాని వెనక ఇలా ఉంటుంది: "ఇందులో టీకొట్టు నడిపే ఆవిడ పిల్లిని ఒళ్లో పెట్టుకొని హంతకుణ్ణి పట్టుకుంటుంది. శవం దొరికిన పూట కూడా ఎవరూ కేకు మానలేదు. పోయినవాడి కోసం ఒక్కరూ ఏడవలేదు. వాడికి అమ్మ లేదా? హంతకుడెవరో నాకు మూడో ఫారంలో తెలిసింది. పిల్లికి రెండో ఫారంలోనే తెలిసినట్టుంది." ఒక ప్రేమనవల వెనక: "వీళ్లిద్దరూ వానలో మూడుసార్లు తడిశారు. ఒక్కసారీ జలుబు చేయలేదు. ఎంగిలి గిన్నెలు ఎవరు కడుగుతారో చివరిదాకా చెప్పలేదు." ఒక విశ్రాంత అధికారి ఆత్మకథ వెనక: "పుట్టిన నాటినుంచీ ఈయన అందరికన్నా తెలివైనవాడట. ఆ తెలివి తర్వాత ఏమైందో పుస్తకంలో చెప్పలేదు."

వాగ్దేవి ఎదుట కూర్చొని అక్షరాన్ని ఆరాధించవలసిన చేతులు నేడు అక్షరాన్ని కాలక్షేపానికి కూలికి పంపుతున్నవి. కనుక ఈ చీటీలను కఠినమనడానికి నోరు రాదు.

ఇంట్లో మాత్రం ఆమెకు ఎదురు చెప్పే మనిషి ఉంది. గ్రంథాలయానికి రెండు గుమ్మాల అవతలి మందుల షాపులో పనిచేసే కోడలు. బేరం లేనప్పుడు ప్రేమనవలలు చదువుతుంది.

"అత్తయ్యా, ఏదో సరదాగా చదువుకుంటానా! మీ చీటీ చూశాక ఇంక ఆ హీరో మొహం చూడబుద్ధి కావట్లేదు."

"మంచిదేగా తల్లీ. వాడి మొహం మానేసి నా కొడుకు మొహం చూడు."

"ఆ మొహం చూశాకే కదా అత్తయ్యా ఈ పుస్తకాలు మొదలుపెట్టింది!"

మూలన కూర్చొని తాళం చెవి ఆకురాయితో రుద్దుతున్న మామగారు, అంటే అక్క భర్త, తాళాలు బాగుచేయడమే ఆయన వృత్తి, నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు.

గడిచిన వానాకాలంలో గ్రంథాలయపు కప్పు కారి, ఒక అలమారలోని అడుగు వరుస మొత్తం నానిపోయింది. అవన్నీ స్థానికంగా ఒకే ప్రెస్సులో అచ్చయిన పుస్తకాలు: ఒకే కాగితం, ఒకే అక్షరాలు, అధ్యాయానికి పేరు లేకుండా మూడు చుక్కలు. బైండింగక్క వాటిని విప్పి, ఫారాలను తాళ్లమీద ఆరేసి, కుళ్లిన కింది అంచులను కత్తిరించింది. పేజీల అంకెలు ఆ అంచులతోనే పోయినవి.

వాటిలో ఓవర్సియరుగారి ఆత్మకథ ఒకటి. ముప్పైయేళ్లకు పైగా వంతెనలు కట్టించి పదవీ విరమణ చేసిన ఆయన గ్రంథాలయ కమిటీలో సభ్యుడు. ఆ పుస్తకంలో ప్రతి వంతెనకూ పొడవు, వెడల్పు, ప్రారంభోత్సవంలో తన మెడలో పడిన దండ వర్ణన ఉన్నవి. ఏ వంతెన ముందు వచ్చినా, ఏది వెనక వచ్చినా తేడా లేదు. బైండింగక్క మూడో వంతెన దగ్గరే పెదవి విరిచి, ఫారాలు లెక్కపెట్టకుండానే, వాక్యాలు కుదిరిన మేరకు పేర్చి కుట్టిపారేసింది. ముప్పైయొక్క ఏళ్లలో మేనమామ మొదటి నియమం తప్పడం అదే ప్రథమం.

చీటీ మాత్రం తప్పలేదు: "ఇటుకంత పుస్తకం. పదకొండు వంతెనలు. సిమెంటు గురించే ముప్పై పేజీలు. నలభై రెండేళ్లు వండిపెట్టి, బదిలీ అయిన ప్రతిచోటికీ వెంట వెళ్లి, రెండేళ్ల కిందట కన్నుమూసిన భార్య గురించి ఒక్క పేరా లేదు. ఈయన కట్టిన వంతెనలమీద అందరూ నడిచారు, ఆవిడ తప్ప."

అదే వారం, అదే బల్లమీద అలాగే లెక్క చూడకుండా కుట్టిన ఒక ప్రేమనవలకు ఆమె రాసిన చీటీ చూసి పాఠకులు నోళ్లు వెళ్లబెట్టారు. మెచ్చుకోలు! "చచ్చినవాళ్లు తర్వాతి అధ్యాయంలో లేచి వచ్చి డాన్సు చేసే పుస్తకం. కానీ మధ్యలో పదహారు పేజీలు నిజం. 'ఆమె ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో రెండో గ్లాసు ఎక్కడుంటుందో నాకు తెలియదు. ఇప్పుడు అదొక్కటే తెలుసు' అని రాసిన చెయ్యి మిగతా చెత్త ఎలా రాసిందో భగవంతుడికే తెలియాలి. ఆ పదహారూ చదివి పుస్తకం తిరిగి ఇచ్చేయండి."

పది రోజులకు గ్రంథపాలకుడు వెనకగదిలోకి వచ్చాడు. ఆమెకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, గొడవంటే భయపడేవాడు.

"అక్కా, ఓవర్సియరుగారు చీటీ చూశారు. శనివారం వస్తానన్నారు. ఆయన వచ్చేలోపు అది తీసెయ్యి."

"తప్పు రాస్తే తీస్తాను. ఒప్పు రాస్తే ఎందుకు తీస్తాను?"

"ఆయన కమిటీలో మనిషి అక్కా. అక్కడ చీటీల మాటెత్తితే మొత్తం ఆపించేస్తారు. ఒక్కటి తీస్తే నీకేం పోయింది?"

ఆమె సూది మైనం ముక్కలో గుచ్చింది. "పుస్తకం మీద రాసినవాడి పేరుంటుంది. లోపల మీ ముద్ర ఉంటుంది. నా కుట్టు ఎవరికీ కనబడదు తమ్ముడూ. కనబడితే కుట్టు చెడిందన్నమాట. ఈ గ్రంథాలయంలో నాదంటూ ఉన్నవి ఆ చీటీలే. ఒక్కటంటే ఒక్కటి అబద్ధమని చూపించమను. ముప్పైయొక్క ఏళ్ల చీటీలూ నా చేత్తో నేనే ఊడదీస్తాను."

"ఆ మాటే చెప్పనా?"

"చెప్పు. ఊరంతా చెప్పు."

శనివారం ఉదయం ఓవర్సియరుగారు గొడుగు చంకలో పెట్టుకొని, అలవాటుకొద్దీ పైకప్పు దూలాలను ఒకసారి కొలతగా చూసి, గదిలో అడుగుపెట్టాడు. వెనకే గ్రంథపాలకుడు.

"ఏమ్మా, నా పుస్తకం కుట్టింది నువ్వేనా?"

"నేనేనయ్యా. కుట్టు తెగిందా?"

"కుట్టు బాగానే ఉంది. కళ్లెలా ఉన్నాయో కనుక్కుందామని వచ్చా. నా భార్య గురించి ఒక్క పేరా లేదా? పదహారు పేజీలు రాశానమ్మా. వంతెనలు ఉద్యోగం రాయించింది. ఆ పేజీలు మాత్రం నేను రాసుకున్నాను."

"అయితే చూపించండయ్యా." ఆత్మకథ బల్లమీద ఆయన ముందుకు తోసింది.

ఆయన పేజీలు తిప్పాడు. కళ్లజోడు తుడిచి మళ్లీ తిప్పాడు. చివరినుంచి మొదటికి వచ్చాడు. గ్రంథపాలకుడు గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. బైండింగక్క చేతులు కట్టుకొని, వంతెనకూ వంతెనకూ మధ్య ఆ వృద్ధుని వేలు తడబడడం తృప్తిగా చూస్తున్నది. ఆయన పుస్తకం మూశాడు.

"ఇందులో లేదు," అన్నాడు నెమ్మదిగా. "కానీ నేను రాశాను. మొదటి మాట కూడా గుర్తుంది. ఆమె ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో రెండో గ్లాసు ఎక్కడుంటుందో..."

"...నాకు తెలియదు," అన్నది బైండింగక్క. "ఇప్పుడు అదొక్కటే తెలుసు."

"లేదన్నావుగా! నీకెలా తెలుసు?"

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా మందుల షాపుకు వెళ్లింది. కోడలు కౌంటరు వెనక ఆ ప్రేమనవలే చదువుతున్నది.

"మీరు చెప్పినట్టే ఆ పదహారు పేజీలే చదువుతున్నా అత్తయ్యా! ఏడుపొచ్చేసింది."

"ఇటివ్వు."

"అయ్యో, ఇంకా నాలుగు పేజీలు..."

"ఇవ్వవే తల్లీ!"

ఓవర్సియరుగారి కళ్లముందే కత్తితో రెండు పుస్తకాల కుట్లూ కోసింది. అప్పుడు లెక్కపెట్టి రిజిస్టరుతో సరిచూసింది. ప్రేమనవలలో ఒక ఫారం ఎక్కువ. ఆత్మకథలో ఒకటి తక్కువ. మూడు చుక్కలతో మొదలై అధ్యాయంతోపాటే ముగిసిన ఆ పదహారు పేజీలు ఎటువైపు వాక్యాన్నీ తెంచకుండా పరాయి ఇంట్లో కాపురం చేస్తున్నవి. వంతెనల నడుమ ఒక ఇల్లాలు లేకపోవడమూ ఆమెకు వింతగా తోచలేదు, పోయిన మనిషి మరుసటి అధ్యాయంలో డాన్సు చేయడమూ వింతగా తోచలేదు. ఈ జాతి పుస్తకాలనుంచి ఇంతకన్నా ఏం ఆశిస్తామని అనుకున్నది. చెదపురుగు చేయలేని పని ఆ తిరస్కారం చేసింది.

ఆమె తడిగుడ్డ తీసుకొని లేచింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు ఓవర్సియరుగారు.

"మొదటి అలమార దగ్గరికి. మాటిచ్చానయ్యా. ఊడదీస్తాను."

"అక్కా, ఆవేశపడకు," అన్నాడు గ్రంథపాలకుడు. శనివారం గండం గడిచినందుకు సంతోషించాలో, నాలుగువేల పుస్తకాలు తడిగుడ్డ పాలవుతున్నందుకు ఏడవాలో అతనికి తోచలేదు.

ఓవర్సియరుగారు అప్పటికి ప్రేమనవల వెనక అట్ట తిప్పి, అక్కడి చీటీ చదువుతున్నాడు. ఒకసారి చదివి, స్టూలు లాక్కొని కూర్చొని, మళ్లీ చదివాడు.

"ఇది రాసింది కూడా నువ్వేనా?"

"నేనే."

"నా పుస్తకం ఆవిష్కరణకు నలుగురు పెద్దమనుషులు వచ్చి దండలు వేశారమ్మా. ఒక్కడూ చదవలేదు. నా పేరు లేనిచోట నన్ను మెచ్చుకున్నదానివి నువ్వొక్కదానివే. గుడ్డ అవతల పెట్టు. నా పుస్తకంలోది ఒక్కటీ తీస్తే చాలు."

"తీయను. కొట్టేసి, కింద నిజం రాస్తాను. నా తప్పు కనబడాలి."

"వంతెనల గురించి రాసింది కూడా కొట్టేస్తావుగా?"

"అందులో అక్షరం మార్చనయ్యా."

"సిమెంటు ముప్పై పేజీలు ఎక్కువేనంటావా?"

"ఇరవై తొమ్మిది ఎక్కువ."

ఆయన మొదట నొచ్చుకున్నాడు. తర్వాత గొడుగు పిడిమీద గడ్డం ఆనించి, భుజాలు కదిలేలా నవ్వాడు. "మా ఆవిడా అదే అనేది," అన్నాడు. ఆ ఫారం దాని చోట కుట్టేదాకా ఆ స్టూలుమీదనే కూర్చున్నాడు.

నేటికీ ఆ ఆత్మకథ వెనక పాత చీటీమీద అడ్డంగా ఒక గీత, దాని కింద ఈ వాక్యాలు కనబడతాయి: "భార్య గురించి పదహారు పేజీలున్నాయి. అవి లేకుండా కుట్టింది నేను. లెక్కపెట్టలేదు. అవి చదవండి. వంతెనలు మీ ఇష్టం." ఆమె తనకు తాను విధించుకున్న ప్రాయశ్చిత్తంగా ఆ వానకు తడిసిన పుస్తకాలన్నీ విప్పి మళ్లీ లెక్కించింది. రాసినవాళ్ల తప్పులు తప్ప మరేమీ దొరకలేదు. అప్పటినుంచి ప్రతి చీటీ మొదట లెక్కించిన ఫారాల సంఖ్య ఉంటుంది, తర్వాతే తిట్టు.

ప్రేమనవల తీసుకున్నవాళ్లు మాత్రం, మంచి భాగం ఎవరో చింపేశారని గ్రంథపాలకుడితో పేచీ పెట్టుకుంటున్నారు.

ఆ శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి కోడలు మొహం మాడ్చుకొని కూర్చున్నది. "చివరి నాలుగు పేజీలు చదవనివ్వలేదు," అన్నది. మామగారు తాళాల పెట్టె మూసి లేచి, రెండు గ్లాసుల్లో టీ పోసి ఒకటి భార్య ముందు పెట్టాడు. ఆమె గ్లాసు వైపు చూసి, "ఇదెక్కడుంటుందో నీకు తెలుసా?" అన్నది. "పై అరలో, ఎడమవైపు. ఏం, ఇవాళ కొత్తగా?" అన్నాడాయన.

సర్వేశ్వరుడు ఆ పై అరలోని గ్లాసులను ఒకదానినుంచి ఒకటి విడదీయక చిరకాలం కాపాడుగాక; ఆ కోడలికి చదవడానికి మంచి పుస్తకమూ, చదివినంతసేపూ ఎవరూ లాక్కోని తీరికా దయచేయుగాక; సూదిబెజ్జం కనబడే చూపూ, తప్పు ఒప్పుకునే నాలుకా, తిట్టడానికి తగినన్ని చెడ్డ పుస్తకాలూ బైండింగక్కకు ఏనాడూ కొరవడకుండుగాక.