పద్దెనిమిది చీటీలు

"…అట్లయితె కృష్ణవేణి అని మీ ఇంట్ల ఆడపిల్లకు పెట్టుకోండ్రి సార్, ట్యాంకరుకెందుకు? గీ నీళ్ళు నాదర్‌గుల్ బోరు కాడికెల్లి ఒస్తున్నయి. కృష్ణల నుంచి ఒస్తలేవు."

"అలా అయితే మీరు చెప్పిన పేరుకి నీళ్ళతో ఏం సంబంధమండీ? బండి మీద జై తెలంగాణ అని రాయించి విజయవాడ రోడ్డు మీద తిప్పుతారా?"

"తిప్పుతం. రోడ్డు మాది. తిప్పుతం."

బాపిరాజు పాల ప్యాకెట్ల కోసం యాదమ్మ కొట్టుకు వచ్చేసరికి మాటలు అక్కడిదాకా వచ్చాయి. మొదటి గొంతు హనుమాండ్లుది. పోచంపల్లి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడుపుకుంటున్నాడు. రెండోది రాఘవేంద్రది. అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు, సొంతూరు తెనాలి. ఇద్దరూ కొట్టు అరుగుకు అటూ ఇటూ నిలబడి ఉన్నారు. రెండేళ్ళ కిందటిదాకా ఇద్దరూ ఒకే స్కూటరు మీద వెళ్ళొచ్చిన మనుషులు.

అది రెండు వేల పదకొండు మే నెల. అరుణోదయ కాలనీలో బోర్లన్నీ ఎండిపోతే, ఎనభై ఇళ్ళవాళ్ళూ కలిసి ఒక పాత లారీ కొని ట్యాంకరు కట్టించుకున్నారు. దానికి పేరు పెట్టే దగ్గర చిక్కొచ్చింది.

బాపిరాజు కాలనీ సంక్షేమ సంఘానికి తొమ్మిదేళ్ళుగా కార్యదర్శి. పాలకొల్లు దగ్గర ఒక పల్లె నుంచి ఇరవై నాలుగేళ్ళ కిందట వచ్చి, ఒక కరెంటు సామాన్ల కంపెనీలో స్టోర్సు చూసుకుంటూ, ఎల్‌బీ నగర్‌కు ఇవతల నూటయాభై గజాల్లో ఇల్లు కట్టుకున్నాడు. పెద్ద చదువూ లేదు, పలుకుబడీ లేదు. దస్తూరి మాత్రం గుండ్రంగా, అచ్చులో పోసినట్టుండేది. నోటీసులు, వినాయక మండపం దగ్గర ఎవరి వంతు ఎప్పుడో రాసే పట్టీ, కార్పొరేషన్‌కు అర్జీలు అన్నీ ఆయనే రాసేవాడు. ఇద్దరు పోట్లాడుకుంటుంటే మధ్యలోకి పోయి ఒక మాట విసిరి ఇద్దర్నీ నవ్వించి పంపేవాడు. రాజు గారుంటే గొడవ ముదరదని కాలనీలో అనుకునేవారు. ఆ మాట ఎవరైనా ఎదురుగా అంటే కాదనేవాడు కాదు.

ఆ రోజూ అలాగే చేశాడు.

"ఎందుకండీ ఈ గొడవ. మన జంగయ్య మాటే రాయించేస్తే పోలా," అని, చేతిలో పాల ప్యాకెట్టును చెవి దగ్గర ఫోనులా పెట్టుకుని, ముక్కుతో సాగదీస్తూ, "ఒస్తున్న సార్… ఒస్తనే ఉన్న… సాగర్ రింగు రోడ్డు కాడున్న," అన్నాడు.

జంగయ్య తొమ్మిదేళ్ళుగా ఎండాకాలమల్లా కాలనీకి అద్దె ట్యాంకరు తోలినవాడు, ఇప్పుడు ఈ బండికీ అతనే డ్రైవరు. ఎప్పుడు ఫోన్ చేసినా అదే మాట అనేవాడు. ఆ మాటన్న రెండు గంటలకు వచ్చేవాడు.

రాఘవేంద్ర పగలబడి నవ్వాడు. హనుమాండ్లు మూతి బిగించుకుందామని చూసి చేతకాక తనూ నవ్వాడు. యాదమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, "అచ్చం గట్లనే అంటడు సార్," అంది.

సంఘం మీటింగులో ఓటు పెడదామని తేలింది. ఇంటికొక చీటీ. నచ్చిన పేరు రాసి, యాదమ్మ కొట్టులో పెట్టిన బిస్కెట్ల రేకు డబ్బాలో వేయాలి. పది రోజులు గడువు. పిల్లలకు అది ఆటయిపోయింది. కుంటి ఏనుగు అని కొందరు, లీకువీరుడు అని కొందరు, పుష్పక విమానం అని ఇంకొందరు రాశారు.

గడువు ముగిసిన సాయంత్రం బాపిరాజు డబ్బా ఇంటికి తెచ్చుకుని ఒక్కడే విప్పాడు. కృష్ణవేణికి ఇరవై ఒకటి. జై తెలంగాణకు ఇరవై. పిల్లల పేర్లన్నీ కలిపి తొమ్మిది. తను విసిరిన మాట రాసినవాళ్ళు పన్నెండు మంది. వేసవి సెలవులకు ఇళ్ళకు తాళం పెట్టి ఊళ్ళకు పోయినవాళ్ళ చీటీలు పద్దెనిమిది, పంచకుండా ఆయన దగ్గరే ఉండిపోయాయి.

ఒక్క ఓటు తేడాతో కృష్ణవేణి గెలిచిందని, కోస్తా నుంచి వచ్చిన తను చెబితే ఎవరు నమ్ముతారు? నమ్మినా ఊరుకుంటారా? అరగంట ఆలోచించాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, మూడు రంగుల పెన్నులు తీసుకుని, తన దస్తూరి అందరికీ తెలుసు కాబట్టి ఎడమచేత్తో, పద్దెనిమిది చీటీల మీద "ఒస్తున్న సార్" అని రాశాడు. కొన్నిటి మీద కావాలనే వంకరగా రాశాడు. రాస్తున్నంతసేపూ ఆయనకు తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు. నిప్పు ఆర్పుతున్నట్టే ఉంది.

ముప్ఫై ఓట్లతో ఆ పేరు గెలిచింది. రెండు వర్గాలవాళ్ళూ నవ్వుకుంటూ ఒప్పుకున్నారు. పెయింటరు పసుపు మీద ఎర్రటి అక్షరాలతో ట్యాంకరుకు రెండు పక్కలా, వెనకా రాశాడు.

మర్నాడు జంగయ్య వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, ఇబ్రహీంపట్నం దగ్గర ఊరు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"ఇది నా మాటనే గద సార్."

"అవును జంగయ్యా. ఓటు పెట్టాం. అందరూ ఇదే వేశారు. ప్రేమతోనే అనుకో."

"అందరేసిండ్రా?"

"అందరూ."

జంగయ్య తలూపి, మెడ మీది తువ్వాలతో తలుపు పిడి తుడిచి, బండెక్కాడు.

ఆ తర్వాత నెల దాటాక ఒకరోజు బాపిరాజు భార్య ఉదయలక్ష్మి వంటింట్లోంచి, "ఏవండీ, గమనించారా? అతను ఫోన్లో ఇప్పుడు ఆ మాట అనడం లేదు," అంది.

"ఏ మాట?"

"వస్తున్నా అని. ఎప్పుడొస్తావయ్యా అంటే 'ఊఁ' అంటాడు. పెట్టేస్తాడు."

బాపిరాజు గమనించాడు. గమనించినట్టు చెప్పలేదు. సాయంత్రం పనిలేని పిల్లలు బండి వెనక పరుగెత్తుతూ ఆ పేరునే అరుస్తుంటే జంగయ్య అద్దం ఎత్తేసుకోవడమూ చూశాడు. అంత ఉక్కపోతలో అద్దం ఎత్తుకున్న డ్రైవరును ఆయన అంతకుముందు చూసి ఉండలేదు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. కరెంటు ఎప్పుడు ఉండేదో ఎప్పుడు పోయేదో తెలిసేది కాదు. సమ్మె మూడో వారంలో ఒకరోజు బాపిరాజు బీఎన్ రెడ్డి నగర్‌లో జబ్బుపడ్డ బావమరిదిని చూసి నడుచుకుంటూ తిరిగొస్తున్నాడు. వెనక నుంచి ట్యాంకరు వచ్చి ఆగింది.

"ఎక్కుండ్రి సార్. గీ ఎండల నడుసుడేంది."

క్యాబిన్లో డీజిలు వాసన, తడి గోనె వాసన. కాసేపటికి ఫోను మోగింది. జంగయ్య "ఊఁ" అని పెట్టేశాడు.

"ఇవాళ ఎప్పుడు బయల్దేరావు?" అన్నాడు బాపిరాజు, ఏదో ఒకటి అడగాలని.

"తెల్లారంగ నాలుగింటికి బోరు కాడ లైన్ల పెట్టిన. నా ముందల పదమూడు బండ్లు. మధ్యల కరెంటు వాయె." ఒక గేరు మార్చి, మళ్ళీ అన్నాడు. "ఇంకా లైన్లనే ఉన్న అంటె మీరు తిడ్తరు. అందుకే ఒస్తున్న అంటుంటి."

తొమ్మిదేళ్ళలో ఆ సంగతి తను ఎన్నడూ అడగలేదని బాపిరాజుకు అప్పుడు తట్టింది.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. షామియానా కింద వందమంది దాకా కూర్చుని ఉన్నారు. ఇద్దరు కుర్రవాళ్ళు చెయ్యెత్తి ట్యాంకరును ఆపారు. ఒకడు పక్కనున్న పేరు చదివి నవ్వాడు. రెండోవాడు నవ్వలేదు. బండి చుట్టూ తిరిగి, వెనక కూడా చదివి, డ్రైవరు తలుపు దగ్గరికొచ్చాడు.

"గిదేంది కాకా? ఎవడు రాసిండు? మన మాటను ఎక్కిరిస్తుండ్రా?"

అప్పటికి ఇంకో పదిమంది లేచి వచ్చారు. బాపిరాజు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నేనే రాపిచ్చిన తమ్మీ," అన్నాడు జంగయ్య. "తోలేటోన్ని నేను. నా మాట నేను రాపిచ్చుకుంటె నీకేం తక్లీఫ్?"

"నువ్వే రాపిచ్చినవా?"

"ఆఁ."

కుర్రవాడు వంగి లోపలికి చూశాడు. "అవునా సార్? ఈయననే రాపిచ్చుకున్నడా?"

నోరు తెరిచి ఒక్క ముక్క మాట్లాడితే చాలు, తను ఎక్కడివాడో వాళ్ళకు తెలిసిపోతుంది. యాదమ్మ కొట్టు ముందు జంగయ్య యాసను అంత బాగా పలికిన నోరు ఇప్పుడు సొంత యాసలో అవుననడానికి కూడా లేవలేదు. బాపిరాజు తలూపాడు.

"సార్‌కు పానం బాగలేదు. ఇంటికి తోలుకపోతున్న," అన్నాడు జంగయ్య.

ఒక పెద్దాయన కుర్రవాణ్ణి పక్కకు లాగి, "పోనీయ్ రా. గట్టోడు, గంత పెద్దగ రాపిచ్చుకున్నడు," అన్నాడు. అందరూ నవ్వారు. వంటకు రెండు డ్రమ్ముల నీళ్ళు అడిగితే జంగయ్య దిగి పైపు పెట్టి నింపాడు. ఎవరో బాపిరాజు చేతిలో విస్తరాకులో పులిహోర పెట్టారు. జ్వరం మనిషి అనుకుని కాస్తే పెట్టారు. ఆయన అది తినలేదు, కింద పెట్టలేదు.

చౌరస్తా దాటాక బాపిరాజు అడిగాడు. "ఎందుకలా చెప్పావు జంగయ్యా?"

"మరేం చెప్పాలె? కాలనీవోళ్ళు రాసిండ్రంటె అద్దాలు పలగ్గొడుదురు. ఎల్లుండి మల్ల గీ తొవ్వనే రావాలె గద."

"ఆ పేరు చెరిపించేస్తాను."

"ఒద్దు సార్. ఇయ్యాల నేనే రాపిచ్చిన అన్న. రేపు చెరిపేస్తె గా పోరగాళ్ళు అడుగుతరు. నేను అబద్ధమాడినట్లయితది." కొత్తపేట మలుపులో బండి నెమ్మది చేశాడు. "పేరుకేంది సార్. ఉంటె ఉండనీ. మీవోళ్ళు నవ్వితె నవ్విండ్రు. మావోళ్ళు గూడ అందరేసిండ్రంటిరి చూడు, హనుమాండ్లు సేటు గూడ. గదొక్కటే జర మనసుకు పట్టింది."

బాపిరాజు చేతిలోని విస్తరాకు వంక చూస్తూ కూర్చున్నాడు. హనుమాండ్లు ఓటు దేనికి పడిందో ఆయనకు తెలుసు. జై తెలంగాణ అని, పక్కన సంతకం కూడా పెట్టాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర ఉదయలక్ష్మికి చీటీల సంగతి చెప్పాడు. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసి, "నాకు చెప్పి ఏం లాభమండీ," అంది.

ఆదివారం సంఘం మీటింగు, ట్యాంకరు నిలిపే ఖాళీ స్థలంలోనే. చౌరస్తా సంగతి అప్పటికే కాలనీకి పాకింది. రాఘవేంద్ర లేచి, బండి మీద ఆ పేరు ఉండటం ఇక మంచిది కాదన్నాడు. హనుమాండ్లు కూడా, "నిజమే రాజు గారు. పెయింటు కొట్టిద్దాం. వానలకు పోయిందని చెప్తె అయిపాయె," అన్నాడు. చాలా నెలల తర్వాత ఆ ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. అవునవునని నలుగురూ అన్నారు. తీర్మానం రాయడానికి పుస్తకం బాపిరాజు ముందుకు జరిపారు. రాసి సంతకం పెడితే అంతటితో అయిపోయేది. ఎవరూ ఇంకేం అడిగేవారు కాదు.

జంగయ్య బండి దగ్గర పైపు చుట్టుకుంటున్నాడు. తన సంగతే మాట్లాడుతున్నా ఇటు చూడటం లేదు.

బాపిరాజు పుస్తకం మూసి లేచాడు. మంచినీళ్ళు తాగమని యాదమ్మ చెంబు అందిస్తే తీసుకోకుండా చేత్తో వారించాడు.

"జంగయ్యా, ఒకసారి ఇలా రావయ్యా," అని పిలిచాడు. పైపు కింద పెట్టి జంగయ్య వచ్చి, కుర్చీలకు అవతలే నిలబడ్డాడు.

"ఆ పేరుకు ఓటేసింది ముప్ఫై మంది కాదు," అన్నాడు బాపిరాజు. "పన్నెండు మంది. మిగతా పద్దెనిమిదీ తాళాలేసిన ఇళ్ళ చీటీలు. అవి నేను రాశాను. ఆ మాట ఈ కాలనీలో మొదట అన్నది కూడా నేనే. హనుమాండ్లు గారు దానికి వెయ్యలేదు. ఆయన చీటీ నా దగ్గరుంది."

ఎవరో కుర్చీ జరిపారు. రాఘవేంద్ర నేల చూపులు చూశాడు. హనుమాండ్లు జంగయ్య వైపు తిరిగాడు. జంగయ్య తువ్వాలు మెడ మీద నుంచి తీసి చేతికి చుట్టుకుంటున్నాడు.

"పేరు చెరపాలా వద్దా అన్నది జంగయ్య చెబుతాడు, మనం కాదు. కార్యదర్శి పని ఇవాళ్టితో వదిలేస్తున్నాను," అన్నాడు బాపిరాజు. "రేపు పొద్దున అతను ఒప్పుకుంటే అతని బండిలోనే, లేదంటే నడిచి, చౌరస్తా దగ్గర శిబిరానికి పోతాను. ఆ పేరు రాయించింది నేనని, కాలనీని కాయడానికే జంగయ్య తన మీద వేసుకున్నాడని వాళ్ళకు నా నోటితో చెప్పి వస్తాను."