మందుకి పెట్టిన బెల్లం

ఈ రోజు మా అమ్మాయి సరళని పటమటలో పళ్ళ డాక్టరుగారికి చూపించాను. పదిహేడేళ్ళ పిల్లని ఉయ్యూరు నుంచి బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేసరికే నా పని అయిపోయింది. పుట్టినప్పటి నుంచీ దానికి కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి ఉంటాయి, మాట రాదు. నెల రోజులుగా అన్నం పెడుతుంటే తల తిప్పేస్తోంది. పెంకితనం అనుకుని రెండు దెబ్బలు కూడా వేశాను. పంటి నొప్పని నాకేం తెలుసు?

"నోరు తెరువమ్మా" అన్నారు డాక్టరుగారు. పాపం, తెరవాలని చూసేకొద్దీ దాని దవడలు ఇంకా బిగుసుకున్నాయి. ఇద్దరం పట్టుకుంటే ఎలాగో చూశారు. ఆరు పళ్ళు పుచ్చిపోయాయట.

"తీపి బాగా పెడతారామ్మా?"

"మూర్ఛ బిళ్ళ చేదండీ. నూరి బెల్లంలో కలిపి బుగ్గన పెడతాను. పదేళ్ళ నుంచీ రెండు పూటలా అంతే."

"బెల్లం మానెయ్యండి."

"మానేస్తే బిళ్ళ ఉమ్మేస్తుందండీ. మూర్ఛ వస్తుంది."

"పోనీ, పెట్టాక తడిగుడ్డతో పళ్ళు తుడవండి."

నా చూపుడువేలి మీద దాని పంటిగాట్లు చూపించాను. ఆయన లేచి చేతులు కడుక్కున్నారు.

చెరుకు పండే ఊళ్ళో ఉంటూ బెల్లం మానడమేమిటని బస్సులో నవ్వుకుందామనుకున్నాను. నవ్వు రాలేదు.

ఇందాక బిళ్ళ వేళకి గిన్నె పట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. అక్కడ ఎంత బతిమాలినా తెరుచుకోని నోరు, బెల్లం చూడగానే దానంతటదే తెరుచుకుంది.

మీరైతే ఏం చేసేవారో చెప్పండి. నేను మాత్రం పెట్టాను.