ముందురోజే చెప్పిన ఆటో

మా ఊళ్ళో గొడవ జరగబోతోందని తెలిస్తే కొందరు నరసరావుపేట వెళ్ళి ఆస్పత్రిలో చేరతారు. రోగం ఉండక్కర్లేదు. ఒక సెలైన్ సీసా, తారీఖూ టైమూ వేసిన ఒక చీటీ ఉంటే చాలు. రేపు అవతలి పార్టీవాళ్ళు పోలీసు కేసులో నోటికొచ్చిన పేరల్లా రాయించినా, ఆ టైముకి నేను మంచం మీద ఉన్నానని చూపించుకోవచ్చు. మా నాన్నని మా తాత అలాగే చేర్పించాడు. నా తమ్ముణ్ణి నేను చేర్పించాను. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను కూడా.

నేను రొంపిచెర్ల దగ్గర ఒక బళ్ళో టీచర్ని. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి నేనే పెంచాను. ఆ రోజు మధ్యాహ్నం మా పార్టీ పెద్దాయన తన గొడ్లచావిట్లోకి మనుషుల్ని పిలిచాడు. అలాంటి పిలుపుకి ఇంటికొకరు వెళ్ళాలి. వెళ్ళకపోతే మర్నాటి నుంచి ఆ ఇల్లు అవతలి పార్టీ కిందే లెక్క. మా ఇంట్లో మగవాడంటే వాడొక్కడే.

"పోయి కూర్చుని రా. అక్కడ నోరెత్తబాకు" అని పంపాను.

తిరిగొచ్చేసరికి వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అవతలి పార్టీలో ముందుండి నడిపించే ఆయన్ని రేపు పొద్దున పొలం దారిలో చంపేయాలన్నారట. పెద్దాయన ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, సరేనా అని అడిగాడట.

"నువ్వేమన్నావురా?"

"అందరూ సరే అంటుంటే నేనేందక్కా అనేది? నేనూ సరే అన్నా."

చంపాలనుకున్న మనిషిది మా వీధిలో మూడో ఇల్లు. చిన్నప్పటి నుంచీ బాబాయ్ అని పిలిచాం. పార్టీలు వేరయ్యాక పలకరింపులు తగ్గాయి, అంతే. అవన్నీ ఆ సాయంత్రం గుర్తుకు రాలేదంటే అబద్ధం. వచ్చాయి. కానీ నా తల నిండా తమ్ముడే ఉన్నాడు. ఆటో అతనికి ఫోన్ చేసి, తెల్లవారి ఐదింటికి రమ్మన్నాను.

మర్నాడు నరసరావుపేట ఆస్పత్రిలో తమ్ముడు కడుపునొప్పని చెప్పి సెలైన్ పెట్టించుకుని పడుకుని ఉండగా, బాబాయిని పొలం దారిలో నరికేశారని ఫోన్ వచ్చింది. నేను మొట్టమొదట చేసిన పని, ఆస్పత్రి చీటీని మడిచి హ్యాండ్‌బ్యాగులో జిప్పు వేసి దాచుకోవడం. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

కేసులో తమ్ముడి పేరు పదకొండోది. లాయరుగారు నా చీటీని చూసి పక్కన పెట్టేశారు.

"అమ్మా, మీవాడు నరికాడని వాళ్ళు అనట్లేదు. కుట్రలో ఉన్నాడంటున్నారు. నలుగురూ కలిసి చంపుదామని ఒప్పుకుంటే కత్తి పట్టింది ఒకడైనా నేరం అందరిదీ. నరికినప్పుడు యాడున్నాడని కాదు, ముందురోజు చావిట్లో ఏమన్నాడని అడుగుతారు."

చావిట్లో కూర్చున్న వాళ్ళలోనే ఒకడు అప్రూవరుగా మారి, ఎవరు సరే అన్నారో వరసగా చెప్పేశాడు. వాడొక్కడి మాట మీద శిక్ష పడటం చానా కష్టమనీ, దానికి తోడుగా ఇంకేదైనా ఉండాలనీ లాయరుగారు ధైర్యం చెప్పారు. ఆ తోడేదో నేనే అందించాను.

హత్య సంగతి ముందే తెలిసి ఆస్పత్రిలో చేరాడని అనకుండా, టీచరమ్మ చెబితే నమ్ముతారని నన్ను మా తరఫు సాక్షిగా పెట్టారు. బోనెక్కి, తెల్లవారుజామున తమ్ముడికి హఠాత్తుగా నొప్పి వచ్చిందని చెప్పాను. పిల్లలకి అబద్ధమాడకూడదని చెప్పే నోటితోనే, ఎక్కడా తడుముకోకుండా చెప్పాను. ప్రభుత్వ లాయరు గొంతు కూడా పెంచలేదు.

"ఆటోకి ఎప్పుడు చెప్పారమ్మా?"

"అప్పుడే. నొప్పి రాగానే."

ఆయన ఒక కాగితం తీశాడు. నా ఫోన్ నుంచి వెళ్ళిన కాల్స్ అన్నీ అందులో ఉన్నాయి. ఆటో అతనికి చేసింది ముందురోజు సాయంత్రం ఐదున్నరకి.

"రేపు రాబోయే నొప్పి మీకు ఇవాళే ఎట్లా తెలిసిందమ్మా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తమ్ముడి వైపు చూడలేకపోయాను.

కత్తి పట్టినవాళ్ళకీ, సరే అన్నవాడికీ ఒకటే తీర్పు, యావజ్జీవం. వాణ్ణి పోలీసు వ్యాన్ ఎక్కించాక నాకు ఒళ్ళు మండిపోయింది. కోర్టు వరండాలో నిలబడి అందరికీ వినపడేలా అరిచాను.

"ఒక్క మాటకి యావజ్జీవమా? వాడు చెయ్యెత్తాడా, దెబ్బ వేశాడా? ఇదేం న్యాయం?"

బాబాయి భార్య అక్కడే ఉంది. చిన్నప్పుడు పిన్నీ పిన్నీ అని ఆవిడ కొంగు పట్టుకుని తిరిగినదాన్ని. తిడుతుందనుకున్నాను. దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"ఏమే, ఆటోవాడికి చేసిన ఫోన్ మాకు చేసుంటే, ఆ పొద్దు మీ బాబాయి ఇల్లు దాటేవాడు కాదు గదా?"

ఆవిడ నంబరు నా ఫోన్‌లో ఎప్పటి నుంచో ఉంది. ఆ సాయంత్రం కూడా ఉంది.