ఆ పేరుగలవాళ్లు ఈ ఇంట్లో లేరు

మా నాయన యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తా. హాల్‌టికెట్ మీది ఫోటోను, ఎదురుగా నిలబడ్డ మనిషిని మార్చి మార్చి చూడటం ఆయన పని. ఏళ్ల తరబడి అదే చేయడంతో ఇంటికొచ్చాక కూడా ఆ చూపు దిగేది కాదు. నేను క్షవరం చేయించుకుని వస్తే గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆపి చూసి, తర్వాతే లోపలికి రానిచ్చేవాడు. యూనివర్సిటీకి సంబంధించి నేను ప్రతిసారీ పాసైన పరీక్ష అదొక్కటే.

అలాంటి ఇంటికి కొలంబో నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది మా మేనమామ. పదేళ్ల కిందట బట్టల దుకాణంలో పనికని సిలోన్ వెళ్లి, అక్కడే మేనేజరయ్యాడు. ఎండాకాలం సెలవులకు నలుగురూ రండి, ఇంట్లో గదులు ఖాళీగా ఉన్నాయి, సముద్రం మా వీధి చివర్లోనే ఉంటుంది అని రాశాడు.

నాయన ఉత్తరాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూశాడు.

"ఎందుకు పిలుస్తున్నడు?"

"అక్కను సూడాలని ఉండదా?" అంది అమ్మ.

"పదేండ్ల సంది లేంది గిప్పుడే ఎందుకయింది?"

కాగితం వెనక్కి తిప్పాడు. అక్కడ ఒక జాబితా ఉంది. మామిడికాయ తొక్కు, సకినాలు, జొన్నపిండి, ఎండు మిరపకాయలు. నాయన మొహం వెలిగిపోయింది. కాపీ చీటీ దొరికినప్పుడు కూడా అలాగే వెలిగేదని ఆయన తోటివాళ్లు చెప్పేవారు.

"సూసినవా? పిలిచింది మనల్ని కాదు, తొక్కును. మనం దాన్ని మోస్కపోయేటోళ్లం."

అమ్మ మరునాడే తొక్కుకు జాడీ కడిగి ఎండలో పెట్టింది. అప్పటిదాకా ఆమె చూసిన నీళ్లలో పెద్దది హుస్సేన్‌సాగర్. అదైనా బస్సు కిటికీలోంచి, ముందు సీటాయన గొడుగు పక్కగా కనపడినంత మేర. సముద్రం చూడాలని ఆమెకు ఎప్పటి నుంచి ఉందో మాకు తెలియదు. మేం అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. ఇప్పుడు మాత్రం రోజుకొక ప్రశ్న వేసేది.

"మౌలాలి గుట్టెక్కితే ఎంత దూరం కనబడతదో, గంత దూరం నీళ్లేనా?"

"అంతకన్నా ఎక్కువనే అమ్మా" అనేది చెల్లె.

"మరి రైలు లెక్క ఓడల గూడ ఆడోళ్లకు వేరే డబ్బా ఉంటదా?"

"ఉంటది. టికెట్ కలెక్టరు ఈదుకుంట వచ్చి చెక్ చేస్తడు" అన్నాను నేను. అమ్మ జాడీ మూత నా వైపు ఎత్తింది కానీ విసరలేదు. మూత పగిలితే తొక్కు పాడవుతుంది.

ఆ రోజుల్లో మా తార్నాకలో సరదాగా విదేశం వెళ్తాం అంటే నమ్మేవాళ్లు లేరు. ఉద్యోగానికైతే వెళ్లవచ్చు, చదువుకైతే వెళ్లవచ్చు. 'చూడటానికి' అనే మాట వినగానే జనం గొంతు తగ్గించి అసలు సంగతి అడిగేవాళ్లు. నాయన ఆఫీసులో ఒకాయన "ఎవరికన్నా రోగమా?" అన్నాడు. ఇంకొకాయన "బంగారమా?" అన్నాడు. ఇంకొకాయన ఏమీ అనకుండా తన డ్రాయరుకు తాళం వేసుకున్నాడట. పాస్‌పోర్టు దరఖాస్తు మీద సంతకం చేయాల్సిన ప్రొఫెసరుగారైతే నాయన ఫోటోను, నాయనను మార్చి మార్చి చూసి, "మీరేనా?" అన్నారు. ఆ రోజు నాయన ఇన్నేళ్లుగా తాను విద్యార్థులకు వడ్డించినది ఎలా ఉంటుందో మొదటిసారి రుచి చూశాడు.

ఏమైతేనేం, నాలుగు దరఖాస్తులూ వెళ్లాయి. పెద్దవాణ్నయ్యాను కాబట్టి నాదీ పెద్దవాళ్ల ఫారమే. మిగిలింది పోలీసు విచారణ. ఒకాయన ఇంటికి వచ్చి, ఈ మనుషులు నిజంగా ఇక్కడే ఉంటున్నారా, మంచివాళ్లేనా అని కనుక్కుని వెళ్తాడు. మంచితనం సంగతి ఎలా ఉన్నా, ఉండటం విషయంలో మాకు ఏ భయమూ లేదు. ఆ ఇంట్లో ఆరేళ్లుగా ఉంటున్నాం.

కాకపోతే అది ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న ఏడాది. క్యాంపస్‌లో క్లాసులు లేవు, ఊరేగింపులు ఉన్నాయి. తార్నాక చౌరస్తాలో జీపులు ఆగి ఉండేవి. విద్యార్థుల పేర్లు రాసుకున్న కాగితాలతో మఫ్టీ మనుషులు గల్లీల్లో తిరిగేవాళ్లు. మఫ్టీ అంటే చొక్కా మారుతుంది, బూట్లు మారవు. ఆ బూట్లు కనపడగానే మా గల్లీ అంతా ఒకే పాఠం అప్పజెప్పేది: "ఎవలో తెల్వదు. గా పేరుగలోళ్లు గీడ లేరు." ఎదురింటి కుర్రాడు తన మంచం మీద నిద్రపోతుండగా, వాళ్ల నాయనమ్మ అదే మంచం మీద కూర్చుని, అటువంటి మనవడు తనకు పుట్టనే లేదని చెప్పి పంపింది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను ఒక్క ఊరేగింపులో నడిచాను. కాలేజీ మెట్ల దగ్గర మొదలుపెట్టి క్యాంటీన్ దాకా. అక్కడ ఊరేగింపు ముందుకు పోయింది, నేను లోపలికి పోయాను. అయితే ఒకరోజు ఎర్రటి ఎండలో అమ్మ కిరోసిన్ క్యూలో నిలబడమంటే, "చౌరస్తాకు నేను పోరాదమ్మా. నా పేరు లిస్టుల ఉన్నది" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. డబ్బా తీసుకుని తనే వెళ్లింది. నేను నీడలో కూర్చుని పత్రిక చదువుకున్నాను.

సెలవులు మొదలయ్యాయి. తొక్కు ఊరింది. చెల్లె అట్లాసులో రైలు దారి, ఓడ దారి పెన్సిలుతో గీసింది. పాస్‌పోర్టు ఆఫీసు నుంచి కవరు వచ్చింది. అది మరీ పలచగా ఉంది. నాయన దాన్ని కూడా వెలుగుకు ఎత్తి చూశాడు, ఈసారి చూడకపోయినా సరిపోయేది. సదరు పేర్లుగల వ్యక్తులు ఈ చిరునామాలో నివసించడం లేదని విచారణలో తేలింది, దరఖాస్తులు తిరస్కరించాం అని ఉంది.

ఆరేళ్లుగా ఉంటున్న ఇంట్లో, నలుగురం కూర్చుని, మేం అక్కడ లేమని చదువుకున్నాం.

"ఎవడో మనమంటే గిట్టనోడు చెప్పిండు" అన్నాడు నాయన.

ఇక ఆయన ఉద్యోగం ఇంట్లో మొదలైంది. వరసగా గల్లీలోని మొహాలన్నీ మనసులో ఫోటోలతో పోల్చి చూశాడు. చివరికి ఆయన వేలు కింది వాటా మీద ఆగింది. అక్కడ మా ఇంటి ఓనరు ఉండేవాడు. కర్నూలు వైపు మనిషి, సర్కారీ కొలువు కోసం వచ్చి, రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఏడాది మా వైపు వాళ్లకూ, ఆ వైపు వాళ్లకూ మధ్య పలకరింపులు కూడా తూకం వేసుకుని సాగుతున్నాయి. అంతకుముందు నెల దాకా నాయనా, ఆయనా ఒకే పేపరు పంచుకుని చదివేవాళ్లు. ఇప్పుడు చెరొక పేపరు తెప్పించుకుంటున్నారు.

నాయన కవరు పట్టుకుని కిందికి దిగాడు. వెనకే నేను. గొడవ దగ్గర నుంచి చూడాలని తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు.

"మేం గీడ ఉంటలేమని చెప్పింది మీరేనా?"

ఓనరు కళ్లజోడు పెట్టుకుని ఉత్తరమంతా చదివాడు. నిదానంగా మడిచాడు.

"నన్ను అనుమానిస్తివా అప్పా?"

"మిమ్మల్నని కాదు…"

"నన్నేలే. ఇంక ఇక్కడ ఎవరుండారు? వినప్పా. ఆ పోలీసాయప్ప వచ్చినాడు. ఇదే కుర్చీలో కూచున్నాడు. ఆరేండ్ల నుంచి ఉండారు, మర్యాదస్తులు, పిల్లోడు మాత్రం కొంచెం వాగుతాడని చెప్పినా. మజ్జిగ గూడా ఇస్తిని. తాగినాడు. ఒకసారి పైన గూడా అడిగి పోతానని మెట్లెక్కి పోయినాడు."

"పైనంటే… మా ఇంటికా?"

"మీ ఇంటికే. మీ ఆడమనిషే తలుపు తీసె."

నాయన నా వైపు చూశాడు. నేను మెట్ల వైపు చూశాను.

మేం పైకి వచ్చేసరికి అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. నాయన అడిగితే తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"ఆ, వచ్చిండొకడు. లేరన్న."

"ఎవలు లేరన్నవ్?"

"ఎవ్వల్లేరన్న. గా పేర్లుగలోళ్లే లేరన్న."

"మరి నువ్వెవలని అడగలే?"

"అడిగిండు. ఇల్లు సూస్కునేదాన్నన్న."

నాయన గోడకు ఆనుకున్నాడు. "పాస్‌పోర్టు గురించి వచ్చిన అని చెప్పలేదే వాడు?"

"చెప్పిండు. అందరు గట్లనే అంటరు." ఒక రాయి తీసి కిటికీలోంచి పారేసింది. "ఆని బూట్లు సూసిన. దాని మీదికెల్లి వీని పేరే ముందుగాల అడిగిండు. లిస్టుల ఉన్నదని వీడే చెప్పిండు గద."

ఇతరుల నాటకాల్లోంచి గాలి తీయడం నాకు అలవాటు. నా నాటకం ఒకటి ఇంట్లో తిరుగుతోందని, అమ్మ రెండు నెలలుగా దానికి కాపలా కాస్తోందని నాకు తెలియదు. ఆ పూట చెప్పేశాను. లిస్టు లేదు, కిరోసిన్ క్యూ ఒక్కటే ఉంది అని. క్యాంటీన్ సంగతి కూడా చెప్పాను.

అమ్మ నన్ను నాయన కంటే జాగ్రత్తగా చూసింది.

"నాకు ధైర్యం చెప్పనీకె అంటున్నవు" అంది.

జీవితంలో మొదటిసారి తమాషా లేకుండా మాట్లాడితే నమ్మినవాళ్లు లేరు. తొక్కు జాడీ అటక ఎక్కింది. సముద్రం గురించి ప్రశ్నలు ఆగిపోయాయి. చెల్లె అట్లాసులోని పెన్సిలు గీతను చెరపబోతే నేను లాక్కున్నాను. ఆ ఎండాకాలమంతా కిరోసిన్ క్యూలో నేనే నిలబడ్డాను. చౌరస్తాలో, జీపుల ఎదురుగా, అందరికీ కనపడేలా. అమ్మ రోజూ మేడ మీంచి చూస్తూ నిలబడేది. నన్ను ఎవరూ పట్టుకుపోలేదు. కనీసం నా వైపు చూడనైనా లేదు.

నాయన మళ్లీ దరఖాస్తులు పెట్టాడు. వానలు పడ్డాక అదే మనిషి అవే బూట్లతో వచ్చాడు. ఈసారి ఓనరు స్వయంగా పైదాకా తీసుకొచ్చి, "ఈయమ్మ ఇల్లు చూసుకునేదే, అయితే ఇల్లు గూడా ఆమెదే" అని పరిచయం చేశాడు. అమ్మ నేరుగా ఒకటే అడిగింది.

"మీ లిస్టుల మావోని పేరున్నదా?"

ఆయన నన్ను కాళ్ల నుంచి తల దాకా చూశాడు.

"ఏ లిస్టమ్మా? గీ మొకానికి లిస్టు గూడనా?"

ఆయనతో పాటు ఓనరు నవ్వాడు, నాయన నవ్వాడు. చివరికి అమ్మ కూడా నవ్వింది. ఆమె అలా నవ్వడం కోసం ఆ మాట పడొచ్చు అనుకున్నాను. కాసేపటికి అమ్మ నవ్వు ఆపి, ఆ మనిషి వెళ్లేదాకా నా ముందు నుంచి మాత్రం కదల్లేదు.

దసరా సెలవుల్లో బయల్దేరాం. మద్రాసు మీదుగా రామేశ్వరం, అక్కడి నుంచి ఓడ. రైలు సముద్రం మీది వంతెన ఎక్కగానే చెల్లె "అమ్మా, సూడు!" అని అరిచింది. అమ్మ తొక్కు జాడీని రెండు చేతులా పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. వంతెన మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. అవతలి ఒడ్డు వచ్చిందని నాయన చెప్పినా, నేను చెప్పినా తెరవలేదు. చెల్లె చెప్పాక తెరిచింది.

ఓడరేవులో ఒక బల్ల, బల్ల వెనక ఆఫీసరు. నా పేరు పిలిచాడు. ఫోటోను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోటోను చూశాడు. ఆ పద్ధతి నచ్చి నాయన తల ఊపాడు. అమ్మ మాత్రం నా మణికట్టు పట్టుకుంది. ఆమె పెదవులు కదిలాయి. ఇల్లు చూసుకునేదాన్నని ఎక్కడ అంటుందోనని నాకు చెమట పట్టింది. ఆమె వీపు వెనకే, పది అడుగుల దూరంలో, సముద్రం ఉంది. చప్పుడు చేస్తూనే ఉంది. ఆమె అటు తిరగలేదు. ఆఫీసరు చేతినే చూస్తోంది.

ముద్రలన్నీ పడ్డాయి. అమ్మ పాస్‌పోర్టులు అందుకుని, నా ఫోటో ఉన్న పేజీ తీసి ముద్ర మీద వేలు పెట్టి చూసింది. తడి అంటింది. కొంగుకు తుడుచుకుంది.

"అయిపోయిందా? ఇంకెవలన్న అడుగుతరా?"

"అయిపోయిందమ్మా."

"ఇగ సూస్త" అని, నా చెయ్యి వదిలిపెట్టి వెనక్కి తిరిగింది.