గాలిలో మంట నిలపాలనుకున్న సారు

మా కెమిస్ట్రీ సారు పోయారని పోయిన వారం ఆలూరు నుంచి కార్డు వచ్చింది. రాసింది ఆయన భార్య. రెండే వాక్యాలు. నేను తరగతిలో పాఠం ఆపి బయటికి వచ్చి నిలబడ్డాను.

కర్నూలులో ఆయన దగ్గర చదువుకుని, అక్కడే ఆయన కింద పాఠాలు చెప్పే పనిలో చేరాను. అప్పట్లో ఆయనకు అతివేగంగా పోయే విమానాల రామ్‌జెట్ ఇంజను ధ్యాస పట్టుకుంది. అందులో తిరిగే చక్రమేదీ ఉండదు. ముందునుంచి దూసుకొచ్చే గాలిలో కిరోసిన్ మండి, వెనకనుంచి మంటగా చిమ్ముతుంది. అంత వేగంలో నూనె పూర్తిగా కాలేలోపే బయటపడిపోతుంది. దానిలో ఏం కలిపితే మొత్తం కాలుతుందన్నదే ఆయన ప్రశ్న.

ఇంటి పెరట్లో ఇనుపగొట్టం బిగించి, కమ్మరి కొలిమి పంకాతో గాలి కొట్టేవాళ్లం. వెండిరంగులో వాడే అల్యూమినియం పొడి కలిపిన రోజు మంట కళ్లు చెదిరేంత తెల్లగా వచ్చింది. నేను సంబరపడ్డాను. ఆయన గొట్టం చివర పెట్టిన రేకు తీసి చూపించారు. దానినిండా కాలని పొడి.

"మంట శానా ఉండాదని మురిసిపోగాకప్పా. కాలకుండా ఎంత పోతాండాదో అది చూడు" అన్నారు.

తరగతిలోనూ అంతే. సరైన జవాబును దాటేసి, తప్పు దగ్గరే ఆగేవారు.

తర్వాత ఈథర్ కలిపాం. అది చప్పున అంటుకుంటుంది గనుక మంట గాలికి తట్టుకుని కాసేపు నిలిచింది. మళ్లీ ఆరింది. గొట్టంలోని ఈథర్ ఆవిరి పోయేదాకా ఆగమని చెప్పి, ఆయన రేకు సరిచేయడానికి ఆ చివరకు వెళ్లారు. నేను ఆగలేదు. ఈ చివర అగ్గిపుల్ల గీశాను.

ఆ చివరన ఎగదన్నిన మంటకు ఆయన రెండు కళ్లూ పోయాయి. అడిగినవాళ్లందరికీ గీసింది తానేనని చెప్పారు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు.

ఆయన సొంతూరు ఆలూరు చేరారు. ఏటా వెళ్లి చూసేవాణ్ణి. పంపు స్టవ్ చప్పుడు వినే, నూనె సరిగా కాలడం లేదని వంటింట్లోకి చెప్పేవారు. ఆయన భార్య పిన్నుతో దాని రంధ్రం పొడవగానే హోరు మారేది. ఆ హోరు వినలేక నేను వాకిట్లోకి వచ్చేసేవాణ్ణి. మా ఇంట్లో ఈనాటికీ కట్టెల పొయ్యే. ఎందుకని అడగడం నా భార్య మానేసింది.

కార్డు అందగానే ఆలూరు వెళ్లి, ఆయన భార్య ముందు కూర్చుని జరిగింది చెప్పేశాను. ఆమె నీళ్ల చెంబు నా వైపు జరిపింది.

"తెలుసప్పా. ఆ పొద్దే చెప్పినాడు. నాకు తెలుసని నీకు చెప్పొద్దన్నాడు. తెలిస్తే నువ్వు మళ్లా మా గడప తొక్కవని ఆయన భయం."

లేచి పెరట్లోకి వచ్చాను. దండెం మీద ఆయన చొక్కా ఒకటి ఇంకా అట్లాగే ఉంది. చేలమీదుగా వచ్చిన గాలి దానిలో నిండింది. అది రెండు చేతులూ చాచి, మెల్లగా నా వైపు తిరిగింది.