రెండోసారి ఏడిపించాను

మొన్న బందరులో నాకు సన్మానం చేశారు. అంతరించిపోతున్న భాషను కాపాడిన మహనీయురాలు అని మైకులో ఒకటే పొగడ్త. వేదిక మీద నవ్వుతూ కూర్చున్నాను. ఆ భాష మాట్లాడేవాళ్ళు హాల్లో ఒక్కరూ లేరు. ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు.

మాది గుడివాడ దగ్గర రైతు కుటుంబం. మానవశాస్త్రంలో పరిశోధనకని దివిసీమ ఎంచుకున్నాను. అక్కడ కాలవ గట్టు మీద ఈతబద్దలతో బుట్టలల్లుకుని బతికే కుటుంబాలున్నాయి. బయట అందరితో తెలుగు, ఇంట్లో మాత్రం తమ భాష. రెండేళ్ళు అవనిగడ్డ బస్సెక్కి తిరిగాను. వాళ్ళ బంధుత్వాలూ, వంటలూ, తిట్లూ అన్నీ రాసుకున్నాను. దొరకనిది చావు పాట ఒక్కటే. శవం వాకిట్లో ఉండగా భార్యో తల్లో తల దగ్గర కూర్చుని, పోయినవాళ్ళతో ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటూ పాడతారు. శవాన్ని లేపాక ఇక పాడకూడదు. మా గైడు గారేమో "అది లేకపోతే నీ థీసిస్‌లో ఏముందమ్మా?" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ గట్టు మీద నేను వెళ్ళినప్పుడల్లా పీట వేసే ముసలమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ భర్తకి జబ్బు చేసింది. వారం వారం ఫోన్ చేసి "తాతకి ఎలా ఉంది?" అని అడిగేదాన్ని. ఎందుకు అడిగేదాన్నో నాకు తెలుసు. "ఇవాళ కాస్త గంజి తాగాడమ్మా" అని ఆవిడ సంబరంగా చెబితే నాకు నీరసం వచ్చేది. చెప్పుకోవడానికే అసహ్యంగా ఉంది, కానీ అదే నిజం.

ఆయన పోయిన రోజు పొద్దున్నే వెళ్ళి వాలిపోయాను. ఆవిడ పాడుతుంటే రికార్డరు పట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డాను. శవాన్ని తీసుకెళ్ళాక చూసుకుంటే ఏముంది, ఒక్క ముక్క ఎక్కలేదు. బటన్ సరిగా నొక్కలేదు.

మూడో రోజు మళ్ళీ వెళ్ళి ఆవిడ ముందు కూర్చున్నాను. "మామ్మా, ఇంకొక్కసారి పాడతావా?" అన్నాను. మా ఇంట్లో చావుకి ఎవరైనా వచ్చి ఇలా అడిగి ఉంటే మావాళ్ళు చెప్పు తీసి కొట్టేవాళ్ళు.

ఆవిడ కోప్పడలేదు. "వినేవాడు పోయాడు కదమ్మా. ఇప్పుడు ఎవరికి చెప్పను?" అంది.

"నాకు చెప్పు" అన్నాను.

నా మొహంలోకి చూసింది. తర్వాత దగ్గరికి జరిగి, నా నుదురు నిమురుతూ పాడింది. రెండేళ్ళు నేర్చుకున్నానని గొప్పలు చెప్పుకున్న భాషే. ఆ రాగంలో పడేసరికి నాలుగు మాటలు కూడా నాకు అందలేదు. ఈసారైనా ఎక్కుతోందా లేదా అని రికార్డరు మీది ఎర్ర లైటు వంకే చూస్తూ కూర్చున్నాను.

వాళ్ళమ్మాయి పెడనలో కలంకారీ అద్దకం పనికి వెళ్తుంది. నెల తర్వాత అక్కడికి వెళ్ళి, భోజనాల వేళ పట్టుకుని పాట వినిపించాను. కాసేపు విని ఇయర్‌ఫోన్లు తీసేసింది.

"ఇది మా నాన్నకి కాదండీ. మీకు పాడింది. పోయినోళ్ళకి పాడినట్టే పాడింది."

"ఏమంటోంది?"

నా వంక చూడకుండా చెప్పింది. "బస్సు దిగి వచ్చేదానివి, పీట వేస్తే కూర్చునేదానివి. మా మాటలన్నీ సంచిలో వేసుకున్నావు. మా ఇంట మంచినీళ్ళు మాత్రం ఏనాడూ తాగలేదు. చచ్చినోడికైనా నా ఏడుపు వినపడింది, నీకు వినపడలేదు. ఇంక లే, నిన్ను తీసుకెళ్ళే వేళయింది... అంటోందండీ."

నీళ్ళ మాట నిజమే. గుడివాడ నుంచి సీసాలో తెచ్చుకునేదాన్ని. కడుపు పాడవుతుందని సాకు చెప్పుకునేదాన్ని.

థీసిస్‌లో ఆ పాటకి 'భర్త మరణంపై భార్య విలాపం' అని పేరు పెట్టాను. ఆ అమ్మాయి అర్థం చెప్పిన వాక్యాలన్నిటి ఎదురుగా 'అర్థం తెలియలేదు' అని రాశాను. గైడు గారు ఆ పేజీ చూసి మురిసిపోయారు.

"అర్థం కూడా మరిచిపోయినంత పాత మాటలు ఎక్కడ పట్టావమ్మా!"

"అవునండీ, చాలా పాతవి" అన్నాను.