లోపల వదిలిన గుడ్డ

కోట ఊళ్లో మా వీధి టైలరు భాయ్ నా బడి గౌను కుట్టిచ్చినప్పుడల్లా ఒకటే మాట అనేవాడు: "లోపల రెండంగుళాలు వదిలినాలే, పిల్ల పెరగొద్దా?" నా పెళ్లి జాకెట్టుకీ అదే మాట!

పోయినేడు ఆయనకు పొట్టలో క్యాన్సరని తేలింది. మందు ఎక్కించడానికి మూడు వారాలు ఆగమన్నారు. చూడ్డానికి పోతే, మిషను ముందు కూర్చుని తన చొక్కాలకే పక్కలు బిగిస్తున్నాడు.

"చిక్కిపోతానన్నాడమ్మా డాక్టరు. వదులు చొక్కాతో ఆస్పత్రికి పోతే టైలరు పరువు ఏమైపోవాల?"

ఓదార్చడం నాకు చేతకాదు. సాయం చేద్దామని, లోపల మిగిలిన గుడ్డ కత్తిరించబోయాను.

భాయ్ చటుక్కున కత్తెర లాక్కున్నాడు.

"కత్తిరించబాకమ్మా! మళ్లీ నేను ఒళ్లు చెయ్యొద్దా?"